ముఖం చాలదు, అంచు చూడాలి: అమెరికా పాత ఎన్నికల బ్యాడ్జీల అసలు, నకలు, ధర

అమెరికాలో ఇంటి పెద్దలు పోయాకో, వృద్ధాశ్రమానికి మారాకో ఆ ఇంట్లోని సామానంతా రెండు మూడు రోజుల్లో అమ్మేస్తారు. దాన్ని ఎస్టేట్ సేల్ అంటారు. అక్కడ పాత సిగార్ డబ్బా నిండా ఎన్నికల బ్యాడ్జీలు బయటపడటం తరచూ జరిగేదే. పైన మెరుస్తూ కనిపించేది 1896లో అధ్యక్షుడిగా గెలిచిన మెకిన్లీ బొమ్మ. దాని కింద 1940లో అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన విల్కీ బ్యాడ్జీలు ఓ డజను. అడుగున ఎక్కడో, బొమ్మ కూడా లేకుండా కాక్స్, రూజ్‌వెల్ట్ అని రెండు పేర్లు మాత్రమే ఉన్న చిన్న బ్యాడ్జీ. కొత్తవారి చెయ్యి ముందు మెకిన్లీ మీదికే పోతుంది. అది 1972లో ఒక పెట్రోలు కంపెనీ ప్రచారం కోసం కొట్టించిన రేకు నకలు కావచ్చు, దానికి అర డాలరు వస్తే ఎక్కువ. అడుగున పడి ఉన్న 1920 నాటి పేర్ల బ్యాడ్జీ అసలైనదైతే, మిగతా డబ్బా అంతా కలిపినా దాని ధరకు చాలకపోవచ్చు.

ఈ రంగంలో డబ్బు పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేస్తారు. ఇది ఎప్పుడు తయారైంది అన్నది మొదటిది. దాని జవాబు బ్యాడ్జీని ఎలా చేశారన్న దాంట్లో ఉంటుంది. ఇప్పుడు ఇది ఎంతమందికి కావాలి, ఎన్ని మిగిలాయి అన్నది రెండోది. దాని జవాబు ఆ ఎన్నికల చరిత్రలో ఉంటుంది. బొమ్మ మీద కనిపించే సంవత్సరం ఈ రెండింటిలో దేనికీ జవాబు చెప్పదు.

గుండీ బ్యాడ్జీ అయిన తీరు

మనం బ్యాడ్జీ అనేదాన్ని అమెరికాలో బటన్ అంటారు. 1789లో జార్జ్ వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు జనం కోట్లకు కుట్టుకున్నవి నిజంగా గుండీలే. రాగివీ ఇత్తడివీ, నడుమ ఆయన పేరు పొడి అక్షరాలతో. వెనకవైపు దారం పోయే కొక్కెం ఉంటుంది. అదే నమూనాకు వెనక పిన్నీసు కనిపిస్తే అది తర్వాతెప్పుడో చేసిన స్మారకం.

1860 ఎన్నికల నాటికి ఫొటో వచ్చింది. పలుచని ఇనుప రేకు మీద ముద్రించిన చిన్న ఫొటోను ఇత్తడి చట్రంలో బిగించేవారు. దీన్ని ఫెర్రోటైప్ అంటారు. ఒకవైపు లింకన్, తిప్పితే ఉపాధ్యక్ష అభ్యర్థి హానిబల్ హామ్లిన్. ఇనుప రేకు కాబట్టి చిన్న అయస్కాంతం దగ్గర పెడితే ఫొటో భాగం లాగాలి. లాగకపోతే లోపల ఉన్నది కాగితం ఫొటో కావచ్చు, అనుమానించాల్సిందే.

అసలు మలుపు 1896. న్యూజెర్సీ రాష్ట్రం న్యూఅర్క్‌లో 1892లో మొదలైన వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్ పొరతో బ్యాడ్జీ చేసే పద్ధతికి పేటెంట్లు సంపాదించింది. ఇవాళ తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఎడిసన్‌కు ఆ ఊరు కారులో అరగంట దూరం. అందుకే ఆ చుట్టుపక్కల సంతల్లో, ఇళ్ల అమ్మకాల్లో ఈ కంపెనీ సరుకు ఇంకా దొరుకుతుంది. ఆ సంవత్సరం మెకిన్లీ, బ్రయాన్ పోటీలో దేశమంతా ఈ బ్యాడ్జీలతో నిండిపోయింది. సిగరెట్ పెట్టెలతో, చూయింగ్ గమ్‌తో ఉచితంగా ఇచ్చారు. బంగారమే డబ్బుకు ప్రమాణం కావాలన్న మెకిన్లీ వర్గం ఇత్తడి పురుగు ఆకారంలో పిన్నులు పెట్టుకుంది. వాటిలో కొన్నింటికి మీట నొక్కితే రెక్కలు విచ్చుకుని, వాటి మీద అభ్యర్థుల ఫొటోలు బయటపడతాయి. పదహారు వెండికి ఒక బంగారం, ఇంగ్లిషులో సిక్స్‌టీన్ టు వన్, అన్న బ్రయాన్ వర్గం ఒంటిగంటకు పదహారు నిమిషాలు తక్కువ చూపించే గడియారం బొమ్మ వేసుకుంది.

సెల్యులాయిడ్ బ్యాడ్జీలో ఐదు భాగాలుంటాయి. గుండ్రంగా కోసి కొద్దిగా ఉబ్బెత్తుగా నొక్కిన ఇనుప రేకు, దాని మీద అచ్చేసిన కాగితం, దాని మీద పారదర్శకమైన సెల్యులాయిడ్ పొర, వెనకనుంచి వీటి అంచుల్ని లోపలికి మడిచి పట్టి ఉంచే లోహపు వలయం, ఆ వలయంలో ఇమిడే స్ప్రింగు తీగ పిన్ను. చాలావాటికి వెనక గుంటలో తయారీదారు పేరు, పేటెంటు తేదీలు ఉన్న కాగితం బిళ్ల కూడా ఉంటుంది. సేకర్తలు దాన్ని బ్యాక్ పేపర్ అంటారు. సెల్యులాయిడ్‌లో మన పూజగదిలోని కర్పూరం కలుస్తుంది. బొటనవేలితో పొరను కాసేపు రుద్ది వేడి పుట్టించి వాసన చూస్తే కొన్నింటికి సన్నటి కర్పూరపు వాసన వస్తుంది. వస్తే మంచి గుర్తే. రాకపోయినంత మాత్రాన నకలు అనకూడదు, వందేళ్లలో కర్పూరం ఆవిరైపోయి ఉండవచ్చు. వేడి సూదితో గుచ్చి చూసే పరీక్ష కొందరు చెబుతుంటారు. వద్దు. సెల్యులాయిడ్‌కు నిప్పంటుకుంటుంది, అంటుకోకపోయినా బ్యాడ్జీ పాడవుతుంది.

రెండో రకం లిథో. బిస్కెట్ డబ్బాల మీద రంగులు అచ్చేసినట్టే పెద్ద రేకు మీద నేరుగా వరసగా బొమ్మలు అచ్చేసి, ఒక్కొక్కటీ కోసి నొక్కుతారు. కాగితం లేదు, పొర లేదు. ఖర్చు తక్కువ, గీతలు మాత్రం త్వరగా పడతాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వచ్చిన ఈ పద్ధతి 1920 ఎన్నికల నుంచి విరివిగా కనిపిస్తుంది. ఇక్కడే కొత్తవారికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే సూత్రం ఉంది. 1896, 1900, 1904, 1908, 1912 ఎన్నికల అభ్యర్థి బొమ్మ గుండ్రటి లిథో రేకు మీద కనిపిస్తే అది ఆ ఎన్నికలది కాదు. భూతద్దం అక్కర్లేదు, వేలిగోరు చాలు. అంచు దగ్గర పొర మడత తగలకుండా రంగు నేరుగా రేకులోకి సాగిపోతే అది లిథో.

ఆ తర్వాతి దశాబ్దాల్లో సెల్యులాయిడ్ స్థానంలో మంటకు అంత భయపడనక్కర్లేని అసిటేట్, ఆపైన మైలార్ పొరలు వచ్చాయి. అయినా వ్యవహారంలో వాటినీ సెల్లో అనే అంటారు. అమ్మేవాడు సెల్లో అన్నాడంటే రేకు మీద నేరుగా అచ్చేసింది కాదని మాత్రమే అర్థం చేసుకోవాలి, పాతదని కాదు.

అంచు మీద ఏముంది

బ్యాడ్జీ ముందువైపు నుంచి వెనక్కి మడిచిన సన్నటి పట్టీని కర్ల్ అంటారు. తయారీదారు పేరు, ఊరు, ముద్రణ కార్మిక సంఘం గుర్తు అక్కడ అతి చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ సంఘం గుర్తు చీమంత ఉంటుంది కాబట్టి దానికి యూనియన్ బగ్ అని పేరు. పదింతలు చూపించే చిన్న భూతద్దంతో, అంటే లూప్‌తో, బ్యాడ్జీని పూర్తి చుట్టు తిప్పి చదవాలి. ఒక్క వైపు చూసి ఆపేస్తే చదవాల్సిన ముక్క అవతలి వైపు ఉండిపోతుంది.

1968లో క్లీనెక్స్ టిష్యూ కంపెనీ, 1972లో అమెరికన్ ఆయిల్ కంపెనీ పాత అధ్యక్ష అభ్యర్థుల బ్యాడ్జీల నకళ్లను సెట్లుగా జనంలోకి వదిలాయి. ఎవరినీ మోసం చేయాలని చేసినవి కావవి. అంచు మీద క్లీనెక్స్ టిష్యూస్ '68 అనో, ఏ-ఓ-1972 అనో ముద్రించారు. కానీ యాభై ఏళ్లు డబ్బాల్లో నలిగాక వాటికీ తుప్పు, పాతదనం వచ్చేశాయి. ఇవాళ వందేళ్ల నాటివంటూ అమ్మకానికొచ్చే మెకిన్లీ, బ్రయాన్, విల్సన్ లిథోల్లో ఇవి చాలా ఉంటాయి. కొందరు ఆ అక్షరాల్ని గీకేస్తారు, కొందరు రంగు పూస్తారు. అంచు మీద ఒక్కచోటే రేకు తెల్లగా బయటపడి, మిగతా చుట్టంతా రంగు చెక్కుచెదరకుండా ఉంటే అక్కడ ఏదో చెరిపేశారని లెక్క.

1973 నవంబరు 29న అమెరికాలో హాబీ ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం అక్కడ తయారు చేసే, దిగుమతి చేసే రాజకీయ నకలు వస్తువు మీద అది తయారైన సంవత్సరం చెరగని విధంగా, స్పష్టంగా ఉండాలి. పాత నాణేల నకళ్లకైతే కాపీ అన్న మాట ఉండాలి. ఈ రెండింటినీ కలిపేసి, కాపీ అని లేదు కాబట్టి అసలైనదే అని వాదించే అమ్మకందార్లు కనిపిస్తారు. బ్యాడ్జీ మీద వెతకాల్సింది సంవత్సరం కోసం. ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. 1973కు ముందు చేసిన నకళ్లకు ఈ నిబంధన లేదు. కాబట్టి గుర్తు ఉంటే నకలని తేలిపోతుంది గానీ, లేకపోతే ఏమీ తేలదు.

వెనక కాగితం విషయంలో ఉల్టా పొరపాటు జరుగుతుంది. వైట్‌హెడ్ అండ్ హోగ్ కాగితం మీద 1894, 1896 పేటెంటు తేదీలు ఉంటాయి. అవి పద్ధతికి పేటెంటు వచ్చిన తేదీలు. కంపెనీ అదే కాగితాన్ని తర్వాత ఏళ్ల తరబడి వాడింది. 1908 నాటి టాఫ్ట్ బ్యాడ్జీ వెనక 1896 కనిపించడం సహజం. దాన్ని చూసి 1896 నాటిదని రాసి అమ్మేవాళ్లు మోసగాళ్లు కానక్కర్లేదు, చదవడం తెలియనివాళ్లు.

నకలు అంటే ఒక్కటే రకం కాదు

అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ అనే సేకర్తల సంఘం 1945 నుంచి ఉంది. ఎపిక్ అని పిలుస్తారు. వాళ్లు నకిలీ సరుకును కలిపి బ్రమజెమ్ అంటారు. ఆ మాట కింద వేర్వేరు సంగతులున్నాయి, వాటిని విడదీసి చూడాలి.

ఒకటి, నిజంగా ఉన్న బ్యాడ్జీకి తర్వాతి కాలపు నకలు. పైన చెప్పిన సెట్లు ఈ కోవవి. రెండు, ఫాంటసీ. ఆ ఎన్నికల్లో అసలు లేనే లేని బ్యాడ్జీని ఇవాళ ఊహించి చేయడం. పోల్చి చూడటానికి అసలు ఉండదు కాబట్టి కొత్తవారు దీన్ని అరుదైనదనుకుంటారు. ఎక్కడా కనిపించని నమూనా దొరికితే సంతోషం కన్నా ముందు అనుమానం రావాలి. మూడు, రీరన్. పాత అచ్చుతోనో, మిగిలిపోయిన పాత కాగితాలతోనో తర్వాత మళ్లీ కొట్టినవి. కాగితం నిజంగానే పాతది కావడంతో ముందువైపు పరీక్షలన్నీ నెగ్గుతుంది. రేకు, వలయం, పిన్ను మాత్రం కొత్తవి. ముందువైపు వందేళ్ల వయసు, వెనకవైపు పదేళ్ల వయసు కనిపిస్తే ఇదే కారణం. నాలుగోది మోసం కాదు, మరమ్మతు. పోయిన పిన్ను స్థానంలో కొత్తది పెట్టడం. చెప్పి అమ్మితే తప్పులేదు, ధర తగ్గుతుంది.

అచ్చును లూప్ కింద చూసేటప్పుడు ముందు అక్షరాల దగ్గర ఆగాలి. పాత అచ్చులో నల్ల అక్షరం ఒకే సిరాతో నిండుగా, అంచులు పదునుగా ఉంటుంది. స్కాన్ చేసి ప్రింటర్ మీద తీసిన నకలులో నల్ల అక్షరం చుట్టూ నీలం, గులాబీ, పసుపు చుక్కలు చెదిరి ఉంటాయి. ఫొటోలో చుక్కలు కనిపించగానే నకలు అని తేల్చేయడం మాత్రం పొరపాటు. 1896లోనే నలుపు తెలుపు ఫొటోల్ని చుక్కల జల్లెడతో అచ్చేసేవారు. పాత చుక్కలు ఒకే రంగులో, ఒకే వరసలో ఉంటాయి. రంగుల బొమ్మల్లోనైతే రాతి అచ్చు చుక్కలు చేత్తో పెట్టినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి.

365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనుక్కుంటే బాగుంటుంది. 1950ల తర్వాతి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది. చీకటి గదిలో వెనక కాగితం మీద వేసి చూడాలి. అది మెరిస్తే 1896 నాటిదన్న మాట నిలవదు. ముందువైపు మాత్రం పొర అడ్డం ఉంటుంది కాబట్టి అక్కడి ఫలితాన్ని నమ్మకూడదు.

తుప్పును కూడా చదవొచ్చు. సహజమైన తుప్పు వలయం సందుల్లో, పిన్ను రేకుకు తగిలేచోట మొదలై బయటికి పాకుతుంది. ఉప్పునీటిలోనో ఆమ్లంలోనో ముంచి తెప్పించినది వెనకంతా ఒకే రంగులో పొడిపొడిగా ఉండి వేలికి అంటుతుంది.

స్మారకాల దగ్గర జారే కాళ్లు

స్మారక బ్యాడ్జీల్లో నకళ్ల బెడద కన్నా పేర్ల బెడద ఎక్కువ. లింకన్ బొమ్మతో సెల్యులాయిడ్ బ్యాడ్జీ అసలైనదే కావచ్చు, కానీ 1860 నాటిది కాలేదు. ఆయన శతజయంతి 1909లో జరిగింది, అప్పుడు చాలా చేశారు. వాషింగ్టన్ ద్విశతజయంతి 1932. ఆ ఏటి పిన్నులు కుప్పలుగా ఉన్నాయి, చవక. డ్యూయీ అన్న పేరు కనిపిస్తే 1944, 1948లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన థామస్ డ్యూయీనా, 1898 మే 1న మనీలా బేలో గెలిచిన అడ్మిరల్ జార్జ్ డ్యూయీనా అని చూడాలి. అడ్మిరల్‌వి ఎక్కువగా సెల్యులాయిడ్ పొర కింద సైనిక దుస్తుల్లో ఉంటాయి. బ్రయాన్‌లూ ఇద్దరు, రూజ్‌వెల్ట్‌లూ (థియోడర్, ఫ్రాంక్లిన్) ఇద్దరు. 1924లో ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన చార్లెస్ బ్రయాన్, మూడుసార్లు ఓడిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ తమ్ముడు. అధ్యక్ష అభ్యర్థి డేవిస్, చార్లెస్ బ్రయాన్ ఇద్దరి బొమ్మలూ కలిసి ఉన్న 1924 బ్యాడ్జీలు చాలా తక్కువ, ధర ఎక్కువ. అన్నగారి పాత బ్యాడ్జీలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇంటిపేరు ఒక్కటి చూసి అమ్మేస్తే ఆ తేడా అంతా కొన్నవాడి జేబులోకి పోతుంది.

మహిళల ఓటుహక్కు ఉద్యమ పిన్నులది ప్రత్యేకమైన అందం. వాటి మీది నక్షత్రాలు అలంకారం కోసం పెట్టినవి కావు. మహిళలకు పూర్తి ఓటుహక్కు ఇచ్చిన రాష్ట్రాల లెక్క అది. వయోమింగ్, కొలరాడో, యూటా, ఐడహో కలిపి నాలుగు నక్షత్రాలు. 1910లో వాషింగ్టన్ రాష్ట్రం చేరాక ఐదు, 1911లో కాలిఫోర్నియా చేరాక ఆరు. అంటే ఆరు నక్షత్రాలున్న పిన్ను 1911కు ముందుది కాలేదు. తేదీ తన ఒంటి మీదే మోస్తున్న వస్తువు ఇంత స్పష్టంగా దొరకడం అరుదు. వైట్‌హౌస్ ముందు నిలబడి జైలుకెళ్లిన మహిళలకు 1917లో ఇచ్చిన జైలు తలుపు ఆకారపు వెండి పిన్ను ఈ విభాగంలో అందరూ కలలుగనేది. దానికి నకళ్లూ బోలెడు. అమ్మేవారు ఏ కుటుంబం నుంచి వచ్చిందో కాగితంతో చూపించగలిగితే తప్ప కొనకూడదు.

1963 ఆగస్టు 28 నాటి వాషింగ్టన్ పౌరహక్కుల యాత్ర బ్యాడ్జీ మీద నల్లని చెయ్యి, తెల్లని చెయ్యి కలిపి ఉంటాయి. నిధుల కోసం అప్పట్లో పావు డాలరుకు అమ్మారు. ఆ నమూనాను వార్షికోత్సవాలకు మళ్లీ మళ్లీ వేశారు కాబట్టి ముందువైపు చూసి తేల్చడం కష్టం. కర్ల్, వెనక లోహం, పిన్ను చూడాల్సిందే.

ధర ఎక్కడ పుడుతుంది

పాతది కాబట్టి ఖరీదు అన్న మాటను ఈ రంగం ప్రతి రోజూ అబద్ధం చేస్తుంది. 1896 నాటి అసలైన మెకిన్లీ ఒంటరి బొమ్మ, 7/8 అంగుళం సైజుది, ఇవాళ్టికీ సాధారణంగా పది నుంచి ముప్పై డాలర్లలో దొరుకుతుంది. కారణం, లెక్కలేనన్ని చేశారు, దాచుకున్నారు. 1940లో రూజ్‌వెల్ట్ మూడోసారి నిలబడటాన్ని వ్యతిరేకిస్తూ విల్కీ పక్షం వందల రకాల నినాదాలతో చిన్న లిథోలు కుమ్మరించింది. అవి ఎనభై ఏళ్లు దాటినా గుప్పెడు గుప్పెడుగా అమ్ముడవుతాయి. 1948లో గెలిచింది ట్రూమన్. అయినా ఆయన పక్షం చేతిలో డబ్బు ఆడలేదు. అందుకే ఆయనవి ఓడిన డ్యూయీవి కన్నా తక్కువ దొరుకుతాయి, ఎక్కువ పలుకుతాయి.

ఈ వింతకు శిఖరం 1920. డెమొక్రాట్ల తరఫున జేమ్స్ కాక్స్ అధ్యక్ష పదవికి, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉపాధ్యక్ష పదవికి నిలిచారు. ఘోరంగా ఓడారు. ప్రచారానికి డబ్బు లేక ఇద్దరి బొమ్మలూ ఉన్న బ్యాడ్జీలు కొద్దిగానే చేశారు. ఇలా ఇద్దరి బొమ్మలుంటే జ్యూగేట్ అంటారు. తర్వాత ఆ ఉపాధ్యక్ష అభ్యర్థే నాలుగుసార్లు అధ్యక్షుడయ్యాడు. 2022లో ఒక కాక్స్, రూజ్‌వెల్ట్ జ్యూగేట్ వేలంలో లక్ష డాలర్లు దాటింది. తక్కువ చేయడం, పెద్ద పేరు రావడం, ప్రతి సేకర్తా ఎన్నికల వారీ జ్యూగేట్ల వరస పూర్తి చేయడానికి ఆ ఒక్కటే లోటు కావడం, ఈ మూడూ ఒకేచోట కలిశాయి. అందుకే నకలు చేసేవాళ్ల మొదటి గురి కూడా అదే. సంతలో యాభై డాలర్లకు ఆ జ్యూగేట్ కనిపిస్తే అది అదృష్టం అయ్యే అవకాశం దాదాపు లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 1972. మెక్‌గవర్న్‌తో ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన ఈగిల్టన్ పద్దెనిమిది రోజులకే తప్పుకున్నాడు. ఇక ఈ బ్యాడ్జీలు అరుదైపోతాయని అందరికీ ఒకేసారి అనిపించింది. అందరూ దాచారు. అందుకే ఈనాటికీ కొన్ని డాలర్లకు దొరుకుతున్నాయి. కెన్నెడీ మరణానంతరం వచ్చిన నివాళి బ్యాడ్జీలదీ, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ మండపం చూసినవారికి ఇచ్చిన నీలం పిన్నుదీ ఇదే కథ.

చిన్న ఊరి అభ్యర్థి పేరు అధ్యక్ష అభ్యర్థి పేరుతో కలిసి ఉన్నదాన్ని కోట్‌టెయిల్ అంటారు. ఇవి ఆ ఒక్క జిల్లాకే వేశారు కాబట్టి సంఖ్య చాలా తక్కువ. చూడటానికి సాదాసీదాగా ఉండి డబ్బాలో మిగిలిపోయేవి ఇవే. డబ్బాలో ముందు వెతకాల్సింది వీటికోసమే అని మా గట్టి నమ్మకం.

పాడయ్యేది ఎలా, ఆపేది ఎలా

కాగితం మీద గోధుమరంగు చుక్కలు లేస్తే ఫాక్సింగ్ అంటారు. చెమ్మ అంచు సందులోంచి లోపలికి పోయి, రేకు తుప్పు కాగితంలోకి దిగడం వల్ల చాలావరకు వస్తుంది. బొమ్మ ముఖం మీద ఒక్క మచ్చ పడినా ధర సగానికి పడిపోవచ్చు. అంచున ఉంటే అంత నష్టం లేదు. తడిగుడ్డతో తుడవడం వల్ల పాడైన బ్యాడ్జీలు తుప్పు వల్ల పాడైనవాటికి సంఖ్యలో తీసిపోవు. నీటి చుక్క మడత దగ్గర ఆగి, కేశనాళికలా లోపలికి పీల్చుకుని, వారంలో చుట్టూ గోధుమ వలయం గీస్తుంది. పొడి మెత్తటి గుడ్డ తప్ప మరేదీ వద్దు. గోళ్లరంగు తుడిచే అసిటోన్ సెల్యులాయిడ్‌ను కరిగించేస్తుంది. పిన్ను తుప్పును ఉప్పు కాగితంతో రుద్దితే మెరుపు వస్తుంది, నమ్మకం పోతుంది.

భద్రపరచడానికి అడుగున దూది, పైన అద్దం ఉండే రైకర్ పెట్టెలు వాడతారు. మెత్తటి వాసన కొట్టే పీవీసీ ప్లాస్టిక్ సంచులు పొరను జిగటగా చేస్తాయి, దూరంగా ఉంచాలి. పొర పసుపెక్కి, సన్నటి పగుళ్లతో ఘాటైన వాసన వస్తున్న బ్యాడ్జీని వెంటనే వేరు చేయాలి. అది కుళ్లుతూ వదిలే ఆవిరి పక్కనున్న లోహాల్ని తినేస్తుంది. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఎండ తగిలే గోడ వద్దు. మన విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లకు ఇలాంటివి తెచ్చుకునేవారు మూత గట్టిగా పడే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రెండు నెలలకోసారి మార్చాలి.

అమ్మేటప్పుడు

ముందు ధర తెలుసుకోవాలి. ఈబేలో అడుగుతున్న ధరలు చూసి ప్రయోజనం లేదు, అవి అమ్మేవారి కోరికలు. అమ్ముడైనవి అన్న వడపోత పెట్టి సుమారు గత మూడు నెలల్లో నిజంగా తెగిన ధరలు చూడాలి. అదే నమూనా, అదే సైజు, అదే స్థితి అయితేనే పోలిక. 7/8 అంగుళానిదీ 1 1/4 అంగుళానిదీ ఒకే బొమ్మ అయినా ఒకే ధర పలకవు. పాత సేకర్తలు హేక్ నంబరు అడుగుతారు. టెడ్ హేక్ 1970ల నుంచి ప్రచురించిన పట్టికల్లో ప్రతి బ్యాడ్జీకీ ఒక నంబరుంది. అది రాస్తే ఏ నమూనా అన్న గొడవ ఉండదు.

తర్వాత వేరు చేయడం. అయిదు డాలర్లలోపువి ఒక్కొక్కటిగా పెడితే ఫీజు, కవరు, వెచ్చించిన సమయం కలిసి ఏమీ మిగలదు. ఈబే తీసుకునేదే 13 శాతం పైమాట, ఆపైన ప్రతి ఆర్డరుకూ కొన్ని సెంట్లు. వాటిని ఎన్నికల వారీగా ఇరవై, ముప్పై కలిపి లాటుగా అమ్మాలి. జ్యూగేట్లు, కోట్‌టెయిల్స్, పెద్ద సైజువి లాటులో పడకుండా ముందే తీసేయాలి. కనీసం ఇద్దరికి గట్టిగా కావాల్సిన వస్తువైతే వేలానికి పెట్టాలి. ఒక్కరే కొనేలా ఉంటే స్థిర ధర మంచిది, ఎందుకంటే పోటీదారు లేని వేలం మొదటి ధర దగ్గరే ఆగిపోతుంది. వందల డాలర్ల పైమాట అనిపించినవాటిని రాజకీయ వస్తువులు తెలిసిన వేలం సంస్థకు ఇవ్వడం మేలు. కమీషన్ పోయినా, నిజమైనదని వాళ్లు చెప్పే మాటకే కొనేవాళ్లు వస్తారు.

ఫొటోలు నాలుగు తప్పనిసరి. ముందు, వెనక, అక్షరాలున్నచోట కర్ల్, పక్కన స్కేలు పెట్టి సైజు. పొర మెరుపు కెమెరాలో పడకుండా కిటికీ వెలుతురుకు పల్చటి తెల్లగుడ్డ అడ్డం పెట్టి, బ్యాడ్జీని కొద్దిగా వాల్చి తీయాలి. గీతలు కనిపించేలా ఏటవాలు వెలుతురులో ఇంకొకటి తీస్తే, ఇంటికి చేరాక వెనక్కి పంపే గొడవ తగ్గుతుంది. నకలని తెలిస్తే శీర్షికలోనే రాయాలి, వివరణ అడుగున దాచకూడదు. ఏ సంవత్సరం నకలో కూడా రాస్తే నకళ్లు సేకరించేవాళ్లే కొంటారు, అలాంటివాళ్లూ ఉన్నారు. తెలియనప్పుడు తెలియదని రాసి, కర్ల్ ఫొటో పెట్టి, వెనక్కి తీసుకుంటానని మాటివ్వాలి.

అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్న మనవాళ్లకు ఒక మాట. సొంత సేకరణలోంచి ఎప్పుడైనా కొన్ని అమ్ముకోవడం వేరు, అమ్మడానికే కొంటూ నెలనెలా వ్యాపారంలా నడపడం వేరు. ఆ వీసా స్పాన్సర్ చేసిన సంస్థలో పనికే అనుమతిస్తుంది. రెండో దారిలోకి దిగే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగాలి.

పంపేటప్పుడు పిన్నును కొక్కెంలో పెట్టి మూయాలి. తెరిచి ఉన్న పిన్ను పక్క బ్యాడ్జీ పొరను గీకుతుంది. ఒక్కొక్కదాన్ని ఆమ్లం లేని పల్చటి కాగితంలో చుట్టి, బ్యాడ్జీ కన్నా అంగుళం వెడల్పున్న రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, అట్టలకే టేపు వేయాలి. పొరకు టేపు తగిలితే ఊడదీసేటప్పుడు పగులుతుంది. పంపేముందు కర్ల్‌ను పూర్తి చుట్టు ఫొటో తీసి ఉంచుకోవాలి. వెనక్కి వచ్చింది మీరు పంపిన బ్యాడ్జీయేనా అన్నది ఆ ఫొటోతోనే తేలుతుంది.